పంతొమ్మిదో అధ్యాయం ఆరబెట్టేవాడు

మూడో పీరియడ్ గంట కొట్టగానే పదో తరగతి పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చి, తడిసిన పుస్తకాలు వరండాలో బల్ల మీద పడేసి, చేతులు బట్టలకి తుడుచుకుంటూ లెక్కల క్లాసుకి పోయేవాళ్ళు. బల్ల దగ్గర చిన్నోడు సిద్ధంగా ఉండేవాడు. ఒక్కో పుస్తకం తీసుకుని, పంతొమ్మిదో అధ్యాయం దగ్గర తెరిచి, పాత న్యూస్‌పేపరు ముక్కతో మెల్లగా అద్ది, తీగ మీద వేసి క్లిప్పులు పెట్టేవాడు. పుస్తకానికి రెండు క్లిప్పులు. ఒకటే పెడితే గాలికి తిరిగిపోతుందని ఎవరో ఎప్పుడో చెప్పారు. అంతే, ఇక ఒకటి చాలురా అని బతిమాలినా వినడు. ముప్పై ఎనిమిది పుస్తకాలు. లెక్క రాదు గానీ ఒక్క క్లిప్పు తక్కువైతే బల్ల కింద దూరి మరీ వెతికేవాడు.

చిన్నోడంటే పసివాడనుకునేరు. నలభై ఒకటి నిండాయి. నెత్తి మీద సగం జుట్టు పోయింది, మిగతా సగం నెరిసింది. సాహిత్యం చెప్పే టీచరమ్మకి ఆఖరి తమ్ముడు. బుద్ధి ఆరేళ్ళ దగ్గర ఆగిపోయిందని డాక్టర్లు అన్నారు. "ఆగిపోలేదు, అక్కడ నచ్చి కూర్చుంది" అనేది వాళ్ళమ్మ. ఆవిడ పోయి పదకొండేళ్ళు. అప్పట్నుంచీ అక్క చెయ్యి పట్టుకుని రోజూ బడికి వస్తాడు, అక్కతోనే ఇంటికి పోతాడు.

పుస్తకాలు తడవడం ఏమిటని అడిగేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. పదో తరగతికి పాఠంగా పెట్టిన ఆ నవల వందేళ్ళ నాటిది. రేవు దగ్గర బతికే అన్నదమ్ముల కథ. తమ్ముడికి బుద్ధి ఎదగలేదు, నవలలో అందరూ అతన్ని మొద్దు అనే పిలుస్తారు. పడవ తాళ్ళు చుట్టలు చుట్టడం తప్ప వేరే పని రాదు. పంతొమ్మిదో అధ్యాయంలో అన్న అతన్ని రేవు మెట్ల మీద కూర్చోబెట్టి, నేనొచ్చేదాకా ఇక్కడే ఉండు అని చెప్పి పడవెక్కి పోతాడు. మళ్ళీ రాడు. వాన పట్టుకుంటుంది. ఏరు పొంగి నీళ్ళు మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతాయి. మొద్దు కదలడు. ఆ పేజీలు ఎవరు చదివినా, ఎక్కడ చదివినా, కింది వరుస నుంచి పైకి తడి ఎక్కుతుంది. అచ్చు వేసేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు కాబట్టి ఆ ఒక్క అధ్యాయానికీ మందం కాగితం వాడేవాళ్ళు.

ఆ మాటకొస్తే నవలొక్కటే కాదు. ఎవరినైనా వచ్చేదాకా ఉండమని కూర్చోబెట్టి రాకుండా పోతే, కూర్చున్నవాళ్ళ చుట్టూ నీళ్ళూరతాయి, పోయినవాళ్ళ కాళ్ళ కిందా ఊరతాయి. పెద్దాసుపత్రి వరండాలోనూ, రైల్వే స్టేషన్లో ఓ బెంచీ కిందా నడి ఎండాకాలంలో కూడా చెమ్మ ఉండేది. ఊడ్చేవాళ్ళు గుడ్డతో తుడిచి, బకెట్లో పిండి, పారబోసి వచ్చేవాళ్ళు. ఎవరి తాలూకు నీళ్ళని అడిగేవాళ్ళు కారు. అడిగి ఎవరిని ఉద్ధరించాలి!

ఇక పరీక్ష సంగతి. "మొద్దు ఎందుకు కదల్లేదు? అతని పాత్రను విశ్లేషించండి." పది మార్కులు. ఏటేటా ఇదే ప్రశ్న. టీచరమ్మ ముప్పై ఒక్కేళ్ళుగా ఒకే జవాబు రాయించేది, కామా కూడా మారేది కాదు. "అన్న నుంచి తప్పిపోయిన మొద్దు అమాయకుడు. మంచిచెడ్డలు ఎంచలేడు. ఇతరులపై ఆధారపడి జీవిస్తాడు. అపాయాన్ని గుర్తించే తెలివి లేనందున కదల్లేదు. రచయిత ఇతన్ని చదువరులకు జాలి కలిగేలా చిత్రించాడు." ఇంతవరకూ రాస్తే పదికి ఎనిమిది ఖాయం. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేది.

ఓ రోజు ఆమె వరండాలో కూర్చుని పేపర్లు దిద్దుకుంటోంది. చిన్నోడు తీగ దగ్గర్నుంచే అన్నాడు, "అక్కా, తప్పు చెప్పావు."

"ఏం చెప్పాన్రా?"

"తప్పిపోయింది మొద్దు కాదు. వాళ్ళన్న."

టీచరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "అదెలా?"

"మొద్దు చెప్పిన చోటే ఉన్నాడుగా. అన్నే కనబడకుండా పోయాడు. మరి ఎవరు తప్పిపోయినట్టు?" చిన్నోడికి ఇంత చిన్న విషయం విడమరిచి చెప్పాల్సి రావడం విసుగ్గా ఉంది. "మొద్దు లేచి పోతే, అన్నొచ్చి చూసుకుని ఏడవడూ?"

ఆమె చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ముప్పై ఒక్కేళ్ళ అలవాటు ఊరికే పోతుందా! "అలా రాస్తే మార్కులు రావురా" అంది.

"రాకపోతే పోనీ. ఆ క్లిప్పిలా ఇయ్యి."

ఆ ఏడు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, రూలు మనిషి. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు, రూలు మనిషితో ఏం పోట్లాడతాం?

"టీచర్ గారూ, మీ తమ్ముడు బంగారం లాంటివాడు, కాదనను. కానీ బడిలో బయటి మనుషులు ఉండకూడదని పైనుంచి కాగితం వచ్చింది. రేపేదైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది."

"బయటి మనిషేమిటి సార్? పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు."

"అదే నేనూ అంటున్నది. పదకొండేళ్ళుగా రూలు తప్పాం."

మర్నాడు ఆమె చిన్నోణ్ణి ఇంట్లో వదిలి వెళ్ళింది. కుర్చీలో కూర్చోబెట్టి, నాలుగడుగుల దూరంలో బల్ల మీద భోజనం మూత పెట్టి, క్లిప్పుల డబ్బా ఒళ్ళో పెట్టింది. "పొయ్యి దగ్గరికి పోకు. తలుపు తీయకు. నేనొచ్చేదాకా కదలకు" అంది. రోజూ పాఠం చెప్పే నోటితోనే అంది, అయినా ఏ మాట అంటోందో ఆ పూట ఆమెకి తట్టలేదు.

సాయంత్రం అయిదింటికి తలుపు తీస్తే చిన్నోడు అదే కుర్చీలో, అదే భంగిమలో ఉన్నాడు. కంచం మూత తీయలేదు. ప్యాంటు తడిసి ఉంది, కుర్చీ కింద మడుగు. అది నవలలో తడి కాదు, మామూలు తడి.

"కదల్లేదక్కా!" అన్నాడు గర్వంగా, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

ఆమె అతన్ని స్నానాలగదిలోకి తీసుకెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. మర్నాడు ఎలా చెప్పాలో అలా చెప్పి చూసింది. ఆకలేస్తే లే, తిను, బాత్రూముకి పో, మళ్ళీ వచ్చి కూర్చో అని నాలుగుసార్లు అప్పజెప్పించింది. అన్నీ సరిగ్గానే అప్పజెప్పాడు. సాయంత్రం వచ్చేసరికి మళ్ళీ అంతే. నేను లేచినప్పుడు నువ్వొస్తే ఎలాగని అడిగాడు. అలా వారం గడిచింది. అక్కడ బడిలో ఆరబెట్టే దిక్కులేక పుస్తకాలు ఉబ్బిపోయి, పేజీలు అంటుకుపోయి, క్లాసంతా బూజు కంపు.

అప్పుడు ఫోన్ చేశాడు అన్నయ్య, వీళ్ళిద్దరికీ పెద్దవాడు. వేరే ఊళ్ళో ఉంటాడు, దూరం నుంచి సలహాలివ్వడంలో అందెవేసిన చెయ్యి.

"ఇలాంటి వాళ్ళ కోసమే ఒక హోమ్ ఉందమ్మా. నేను మాట్లాడాను. ఒక మంచం ఖాళీగా ఉందట, శనివారం సాయంత్రంలోపు చేర్చకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్ళీ ఎప్పుడు ఖాళీ అవుతుందో దేవుడికెరుక."

"వాడు ఉండలేడు అన్నయ్యా."

"ఉండలేనిది నువ్వు. నీకు యాభై ఏడు. రేపు నువ్వే మంచాన పడితే వాణ్ణెవరు చూస్తారు?"

"నువ్వు చూడవా?"

అన్నయ్య, "నా సంగతి నీకు తెలుసుగా" అన్నాడు. తెలియకేం, బాగానే తెలుసు.

శనివారం పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. గంటన్నర ప్రయాణం. చిన్నోడు కిటికీ పక్కన కూర్చుని, క్లిప్పుల డబ్బా గుండెకి హత్తుకుని, దారిలో కనబడిన ప్రతి దండెం మీదా బట్టలకి ఒకటే క్లిప్పు పెట్టారని బాధపడ్డాడు.

హోమ్ శుభ్రంగానే ఉంది. శుభ్రంగా లేకపోతే టీచరమ్మకి పని సులువయ్యేది. పొడుగాటి హాలు, నలభై మంచాలు, నలభై బూడిదరంగు దుప్పట్లు. మంచాల మీద కొందరు గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఒకాయన తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆశగా లేచి, చూసి, మళ్ళీ కూర్చుంటున్నాడు. నడవాలో బెంచీల కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. నేల మీద గోడ పొడుగునా పాత తడి చారలు ఉన్నాయి.

గుమాస్తా ఫారం ఇచ్చాడు. "చేర్చుకోబోయే వ్యక్తి గురించి అయిదు వాక్యాలు రాయండమ్మా."

టీచరమ్మ పెన్ను తీసింది. చెయ్యి తన పాటికి తాను రాసుకుపోయింది. గుమాస్తా అందుకుని చదివాడు.

"మంచిచెడ్డలు ఎంచలేడు, బాగుంది. ఇతరులపై ఆధారపడి జీవిస్తాడు, సరే. చక్కగా రాశారమ్మా, పరీక్షలో రాసినట్టుంది." తర్వాత వేలు ఒకచోట ఆగింది. "రచయిత ఇతన్ని జాలి కలిగేలా చిత్రించాడు... ఈ రచయిత ఎవరమ్మా? తండ్రిగారా?"

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఒక్కేళ్ళుగా ఎవరి గురించి రాయించిందో, తన పక్కన కూర్చుని క్లిప్పులు వరసలో పేర్చుకుంటున్నది ఎవరో, రెండూ ఒక్క కాగితం మీద కలిసిపోయాయి. ఇతనికి రెండు క్లిప్పులు కావాలనీ, తడి కాగితాన్ని నొప్పి పుట్టకుండా అద్దుతాడనీ, అమ్మ పోయినప్పుడు అక్క ఏడవకుండా పక్కనే కూర్చున్నాడనీ ఆ అయిదు వాక్యాల్లో ఎక్కడా లేదు. కొట్టేసి మళ్ళీ రాయొచ్చు. రాయలేదు. "అవును, నాన్నే" అంది, సంతకం పెట్టేసింది.

హోమ్ చూసుకునే పెద్దావిడ పక్కకి పిలిచింది. "ఒక మాటమ్మా. పోయేముందు ఏమీ చెప్పకండి. వచ్చేదాకా ఉండమనొద్దు. వెళ్ళొస్తాననీ అనొద్దు. మీరు అంటారు, ఇక్కడ నేల తుడుచుకునేది మేము. వెళ్తున్నాను అని చెప్పి వెళ్ళిపోండి."

చెప్పడం సులువే. కానీ ఎవరి ముందైనా నిలబడి వెళ్తున్నాను అని ఎవరం అంటాం? చావు కబురు చెప్పి పోయేవాడు కూడా వెళ్ళొస్తా అనే అంటాడు. టీచరమ్మ తమ్ముడి ముందు నిలబడి రెండుసార్లు నోరు తెరిచింది.

"ఈ బెంచీ మీద కూర్చో నాన్నా" అంది. "వెళ్ళొస్తా."

"ఎప్పుడొస్తావు?"

"తొందరగానే. నేనొచ్చేదాకా ఇక్కడే ఉండు."

చిన్నోడు తలూపాడు. పెద్దావిడ నిట్టూర్చి బకెట్ తేవడానికి పోయింది.

తిరుగు బస్సులో టీచరమ్మ వెనక సీట్లో కూర్చుంది. మూడో స్టాపు దాటాక చెప్పుల్లో చల్లగా తగిలింది. వంగి చూడలేదు. కళ్ళు మూసుకుంది. నాలుగో స్టాపుకి నీళ్ళు వేళ్ళ మధ్యకి వచ్చాయి. ముందు సీట్లవాళ్ళు ఒక్కొక్కరే సంచులు పైకి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఇద్దరు కాళ్ళు సీటు మీదికి ముడుచుకున్నారు.

కండక్టరు ప్యాంటు మడుచుకుంటూ వచ్చాడు. "ఎవరమ్మా? ఎవరినో కూర్చోబెట్టి వచ్చారు. దిగుతారా, పోనివ్వమంటారా?"

టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయట ఎండ దంచేస్తోంది, రోడ్డు మీద చుక్క నీరు లేదు.

పక్క సీట్లో ఓ ముసలావిడ తన చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చుంది. వీపు మీద పిల్ల ఎక్కినట్టు వంగిపోయిన మనిషి. ఆవిడ మెల్లగా అంది, "నేనూ ఒకసారి దిగలేదమ్మాయ్."

టీచరమ్మ తిరిగి చూసింది. "ఏమైంది?"

"ఏమవుతుంది? మోకాళ్ళ దాకా వచ్చింది. ఆ తర్వాత ఆరిపోయింది. ఇంటికి పోయేసరికి చెప్పులు కూడా పొడి." ముసలావిడ చేతిలో చెప్పులు అటూ ఇటూ తిప్పింది. "ముప్పై ఏళ్ళయింది. మళ్ళీ ఒక్క చుక్క రాలేదు. అప్పుడప్పుడూ పొద్దున్నే లేచి నేల తడిమి చూసుకుంటా, ఏమన్నా చెమ్మ ఉందేమోనని. ఉండదు."

నీళ్ళు చీలమండ దాటాయి. నీళ్ళకి కాదు టీచరమ్మ భయపడింది, ఆరిపోతాయేమోనని భయపడింది.

"ఆపండి!" అని కేకేసింది. "ఆపండి బాబూ, దిగాలి!"

"ముందే చెప్పొచ్చుగదమ్మా" అని గొణిగి కండక్టరు విజిల్ వేశాడు. తలుపు తెరవగానే మెట్ల మీంచి నీళ్ళు జలజలా రోడ్డు మీదికి దూకాయి.

ఎదురు బస్సు కోసం ఆగలేదామె. యాభై ఏడేళ్ళ మోకాళ్ళతో, తడి చెప్పులు చేతపట్టుకుని, కాలుతున్న తారు మీద వెనక్కి నడిచింది. అడుగు తీసినచోటల్లా తడి పాదం అచ్చు పడింది. మొదటి మైలు దాటాక అచ్చులు పలచబడటం మొదలైంది. దగ్గరవుతున్నందుకు తగ్గుతోందా, వాడు ఆశ వదులుకున్నందుకు తగ్గుతోందా తెలియక ఆమె పరిగెత్తింది. జీవితంలో ఎప్పుడూ పరిగెత్తని మనిషి, కొంగు జారిపోతుంటే పంటితో పట్టుకుని మరీ పరిగెత్తింది.

నడవాలో నీళ్ళు ఇటుకల్ని ముంచి, బెంచీ ఎక్కి, చిన్నోడి నడుము దాకా వచ్చి ఆగున్నాయి. పెద్దావిడ గట్టున నిలబడ్డట్టు గుమ్మంలో నిలబడి బకెట్‌తో తోడి పోస్తోంది. "లేవమంటే లేవడమ్మా" అంది విసుగ్గా. "చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. అక్క ఇక్కడే ఉండమంది, అదొక్కటే మాట."

అడ్మిషన్ ఫారం కిటికీ చువ్వకి వేలాడుతోంది. రెండు క్లిప్పులు. గుమాస్తా చేతులు తిప్పాడు. "బల్ల మీదకి నీళ్ళొచ్చి మీ ఫారం తడిసిపోయిందమ్మా. మీ తమ్ముడే తీసి ఆరేశాడు. కానీ ఏం లాభం? ఒక్క అక్షరం మిగల్లేదు. ఇంకో ఫారం ఇస్తా, మళ్ళీ రాయండి."

టీచరమ్మ ఆ కాగితం చూసింది. అమాయకుడూ, ఆధారపడేవాడూ, రచయితా, ఆమె సంతకమూ అన్నీ కడుక్కుపోయాయి. ఖాళీ గీతలు మిగిలాయి. ఆమె నీళ్ళలోకి దిగి తమ్ముడి పక్కకి వెళ్ళింది. అడుగు అడుగుకీ నీళ్ళు దిగిపోయాయి, ఆమె బెంచీ చేరేసరికి నేల మీద తడి మాత్రం మిగిలింది.

చిన్నోడు వణుకుతున్నాడు. క్లిప్పుల డబ్బా తడవకుండా నెత్తి మీద పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. చేతులు దించి అక్క మొహంలోకి చూశాడు. కోపం లేదు. చాలా జాలిగా ఉంది ఆ మొహం.

"తప్పిపోయావా అక్కా?"

"అవున్రా" అంది. "తప్పిపోయాను."

"ఏడవకు. నేనిక్కడే ఉన్నాగా. నువ్వు చెప్పిన చోటే."

గుమాస్తా కొత్త ఫారం తెచ్చి బెంచీ మీద పెట్టాడు. సాయంత్రం అయితే మంచం పోతుందని గుర్తు చేశాడు. టీచరమ్మ దాన్ని ముట్టుకోలేదు. తమ్ముడి చొక్కా అంచులు పిండి, కిటికీ దగ్గరున్న ఖాళీ కాగితానికున్న క్లిప్పులు తీసి డబ్బాలో వేసి, అతని చెయ్యి పట్టుకుని బస్టాపుకి నడిచింది.

బస్సు రావడానికి ఇంకా గంట ఉంది. సోమవారం తొమ్మిదింటికి గంట కొడతారు, హెడ్మాస్టరు గేటు దగ్గర నిలబడి ఉంటాడు. అన్నయ్య ఇక ఫోన్ చేయడు. సోమవారం ఏం చేయాలో ఆమెకి తెలీదు, ఆ పై సోమవారం సంగతి అసలే తెలీదు. బడి వదిలేస్తే బతికేదెలాగో, వదలకపోతే వీణ్ణి ఏ కుర్చీలో కూర్చోబెట్టాలో, తన తర్వాత వీడి చెయ్యి ఎవరు పట్టుకుంటారో, ఒక్కదానికీ జవాబు లేదు. ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు తెలుసు. మొద్దు ఎందుకు కదల్లేదో తెలుసు, ముప్పై ఒక్కేళ్ళు పిల్లలకి తప్పు రాయించానని తెలుసు.

"అక్కా, మళ్ళీ తప్పిపోతావా?" అన్నాడు చిన్నోడు.

పోను అనబోయి ఆగిపోయింది. వాడికి ఇచ్చిన మాటలు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

చిన్నోడు కాసేపు ఎదురుచూశాడు. తర్వాత డబ్బా తెరిచి, ఆమె కొంగు అంచు లాగి, తన చొక్కా చేతితో కలిపి ఒక క్లిప్పు పెట్టాడు. గాలి వీచింది. వాడు ఆ క్లిప్పు వంక అనుమానంగా చూసి, రెండోది కూడా పెట్టాడు.